ఒత్తుల్లేని వాక్యం

జూన్ 24, 2019

సాక్షరతా కేంద్రానికి ఇచ్చిన నోటుబుక్కుల్లో ఒకటి మిగిలితే ఇంటికి తెచ్చుకున్నాను. ఎవరికీ చూపించనక్కర్లేని రాత రాసి చాలా ఏళ్ళయింది.

ఇవాళ ఐదుగురే వచ్చారు. పదిహేను పేర్లతో మొదలుపెట్టిన కేంద్రం. పొద్దున మా గని క్వార్టర్లలో అంట్లు తోమి, మధ్యాహ్నం దాకా కూలి పని చేసి, మళ్ళీ మూడున్నరకి అంగన్‌వాడీ వెనక గదిలో నా ముందు కూర్చోవడమంటే మాటలు కాదు. వాచకం తొమ్మిదో పేజీ. కమల్, నల్, జల్. నాగేశ్వరమ్మ పుస్తకం మూసేసి తన ఫోను నా చేతిలో పెట్టింది.

“ఆ నల్లు, జల్లు మాకెందుకు టీచరమ్మా? గీ డబ్బల రోజుకు యాభై మెసేజీలొస్తయ్. మా మరిదిని బతిమాలి సదివించుకుంటున్న. ఇది సదువుడు నేర్పు.”

మిగతా నలుగురూ తలలూపారు.  నేర్పేది హిందీ. వాళ్ళు మాట్లాడుకునేది తర్లగూడ, పామేడు వైపు తెలుగు. వాళ్ళలో భీమే అనే పిల్లకి దొర్లీ భాష కూడా వచ్చు. కానీ ఈ గని ఊళ్ళో బస్సు మీద, రేషన్ కార్డు మీద, ఫోన్లో కనిపించేది హిందీయే. ఇంటికొచ్చి వాచకం మళ్ళీ తిరగేశాను. నలభై పేజీల్లో ఎక్కడా ఫోను మాట లేదు.

జూన్ 28

ఇవాళ బాగా జరిగింది. వాచకం పక్కన పెట్టేశాను. టౌన్‌షిప్ గ్రూపులో వచ్చిన మెసేజీ బోర్డు మీద రాశాను: రేపు నీళ్ళు రావు, ఇవాళే నింపుకోండి. భీమే ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చివరిదాకా చదివేసింది. చదివి, అర్థమయ్యాక, నా వైపు కూడా చూడకుండా లేచి బిందెలు నింపడానికి ఇంటికి పరుగెత్తింది. ఏడో నెల కడుపుతో పరుగెత్తకే అని వెనక నుంచి సోమమ్మ పెద్దమ్మ కేకలు.

భీమేకి ఇరవై మూడేళ్ళుంటాయేమో. పామేడు అవతల ఊరు. బడి మెట్టు ఎక్కలేదు.

జూన్ 29

నీళ్ళు రాలేదు. బస్తీలో భీమే చెప్పిన ఇళ్ళన్నింట్లో బిందెలు నిండి ఉన్నాయి, తక్కిన ఇళ్ళల్లో లేవు. “బోర్డు మీద రాసినట్టే అయింది” అంటున్నారట. మా ఆయనకి చెప్తే, క్రషర్ ప్లాంటు నుంచి వచ్చిన ఆ ఎర్రమన్ను మొహంతోనే నవ్వి, “వరహాలమ్మ గారు జోస్యం కూడా మొదలుపెట్టారన్నమాట” అన్నారు.

జూలై 4

పదకొండు మంది వచ్చారు!

జూలై 9

బ్లాకు కోఆర్డినేటర్ బుధ్రాం సార్ వచ్చారు. ఫోను మెసేజీలతో చదువు చెప్తున్నానని ఎవరో చెప్పారట, వీడియో తీస్తానన్నారు. మంచి వాక్యం కోసం ఫోనంతా వెతికాను. ఒత్తులుంటే వీళ్ళు ఆగిపోతారు. మా క్వార్టర్ల ఆడవాళ్ళ గ్రూపులో ఒకటి దొరికింది. నాలుగు చిన్న వాక్యాలు, ఒక్క ఒత్తు లేదు. 'లోహే కీ గోలీ మత్ ఖావో. గోలీ ఖదాన్ కీ లాల్ ధూల్ సే బనీ హై. పేట్ కాలా హో జాయేగా. సబ్‌కో బతావో.' ఇనుము గోలీ మింగకండి, అది గని ఎర్రదుమ్ముతో చేసింది, కడుపు నల్లబడుతుంది, అందరికీ చెప్పండి.

భీమే లేచి నిలబడి, ఎక్కడా ఆగకుండా చదివింది. అందరూ చప్పట్లు కొట్టారు. బుధ్రాం సార్ ఫోను పట్టుకున్న చేత్తోనే బొటనవేలు పైకెత్తారు.

సోమమ్మ పెద్దమ్మ మాత్రం మూల నుంచి అడిగింది. ఆవిడకి అరవై దాటాయి. మొదటి నుంచీ వస్తోంది, ఒక్క అక్షరం నేర్చుకోదు. నలుగురూ కూర్చునే చోటని వస్తుంది.

“గిది ఎవరు జెప్పిన్రు బిడ్డా?”

“ఫోన్లో వచ్చింది పెద్దమ్మా.”

“ఫోనుకెవరు జెప్పిన్రు?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

జూలై 12

బుధ్రాం సార్ వీడియోని అన్ని కేంద్రాల గ్రూపుల్లో పెట్టారు. తోంగ్‌పాల్ నుంచి ఒక టీచరు ఫోన్ చేసి ఎలా చేస్తున్నారు మేడమ్ అని అడిగింది. అరగంట మాట్లాడాను. అక్షరాస్యతా దినం నాడు జిల్లా సభలో చూపిస్తారట.

జూలై 18

భీమే నాలుగు రోజులుగా రావట్లేదు. నాట్ల కాలం, పుట్టింటికి వెళ్ళి ఉంటుంది.

జూలై 20

వెళ్ళలేదు. దారిలో వాళ్ళ ఇంటి ముందు ఆగాను. గడప మీద కూర్చుని ఉంది. మొహం పాలిపోయి ఉంది. నీళ్ళు మోసి అలసిపోయిందేమో. తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. బోర్డు మీద రాసిన ఆ నాలుగు వాక్యాలూ తన చేత్తో రాసింది. అక్షరాలు ఎంత గుండ్రంగా ఉన్నాయో! మెచ్చుకున్నాను. ముచ్చటపడి ఫొటో కూడా తీశాను.

ఆగస్టు 3

సోమ్లీ క్లాసు మధ్యలో వచ్చింది. ఈ బస్తీకి మితానిన్ ఆవిడే. గర్భిణుల ఇళ్ళకు తిరిగి మందులిచ్చేది, ఆసుపత్రికి తీసుకెళ్ళేది ఆవిడే. చేతిసంచీ నిండా ఎర్ర గోలీల అట్టలు. బల్ల మీద కుమ్మరించింది.

“తొమ్మిది ఇళ్ళల్లో వాపసు ఇచ్చిన్రు. మందు గాదట, మన్నట. రక్తం తక్కువున్న పోరీలకు ఇస్తున్న గోలీలు ఇవి. ఎవరు నేర్పిన్రు వీళ్ళకు ఈ మాట?”

 క్లాసులో ఉన్న ఆడవాళ్ళందరూ నా వైపు చూడకుండా జాగ్రత్తపడుతున్నారని నాకు తెలిసింది.

“ఎవరో ఫోన్లో పెట్టారట” అన్నాను.

నేను చదవమన్నాను. నమ్మమనలేదు.

ఆగస్టు 4

వాన. క్లాసు లేదు. కొండ మీంచి వాగు ఎర్రగా దిగుతోంది.

నేను చదవమన్నాను, నమ్మమనలేదు. వాక్యం ఎంచుకున్నది అక్షరాల కోసం.

ఆగస్టు 5

అక్షరాల కోసమే అయితే, ఆ మెసేజీ మా చెల్లికి కూడా ఎందుకు పంపాను? జూలై ఎనిమిదో తేదీ, బోర్డు మీద రాయడానికి ముందురోజే, పొద్దున పదీ ఇరవైకి పంపినట్టు ఫోన్లోనే ఉంది. ఈ ఊళ్ళో ఆరేసిన చీరల మీద ఎర్రదుమ్ము, పెరుగు మీద ఎర్రదుమ్ము. గోలీలో మాత్రం ఎందుకుండకూడదు అనిపించింది. సగం నమ్మాను. లేదు, సగం కంటే ఎక్కువే.

ఆగస్టు 11

భీమే ఇంటికి వెళ్ళాను. చెప్పాలనే వెళ్ళాను. చాప వేసింది. కూర్చున్నాక, “ఆ గోలీల మాట... మరీ అంత నమ్మక్కర్లేదేమో, ఒకసారి డాక్టర్ని అడుగు” అన్నాను.

“గోలీలు మింగినన్ని దినాలు దొడ్డికి నల్లగ అయ్యేది టీచరమ్మా. బందు జేసిన, మంచిగయింది. మెసేజీల నిజమే ఉన్నది.”

“అది మందు గుణం అయ్యుండొచ్చు కదా.”

“నువ్వే గదా బోర్డు మీద రాసినవ్? బోర్డు మీద అబద్ధం రాస్తరా?”

రాయరు అని ఆ పిల్ల అనుకుంటోంది. రాశాను, నాదే తప్పు, అనాలి. ఒక్క మాట. చాయ్ ఇచ్చింది. తాగి వచ్చేశాను. లేచి లోపలికి వెళ్ళేటప్పుడు గోడ పట్టుకుని నడిచింది. అది కూడా చూశాను.

సాయంత్రం బుధ్రాం సార్ ఫోన్ చేశారు. జిల్లా సభకి మన వీడియో ఖాయమైందట. చాలా సంతోషం సార్ అన్నాను.

ఆగస్టు 19

భీమే కుళాయి దగ్గర పడిపోయింది. పట్టపగలు, పదకొండింటికి. ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. భీమే మొగుడు కోస, సోమ్లీ, నేను. రక్తం ఐదుకి పడిపోయిందన్నారు. పదకొండు ఉండాలట. దారిలోనే నొప్పులు మొదలయ్యాయి. మూడు గంటలకి ఆడపిల్ల, ఎనిమిది నెలలకే. కిలో ఆరువందలు. తర్వాత రక్తస్రావం ఆగలేదు. కోస రక్తం కలవలేదు, నాదీ కలవలేదు. కబురు వెళ్ళిన గంటకి నాగేశ్వరమ్మ పని బట్టల్లోనే వచ్చి చెయ్యి చాపింది.

ఆగస్టు 20

రాయలేను.

ఆగస్టు 22

బతికింది. పిల్లని గాజుపెట్టెలో పెట్టారు.

ఇవాళ డాక్టరమ్మ కోసని పిలిచి, గోలీలు ఎందుకు ఆపేశారని అడిగింది. కోస చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి ఇచ్చాడు. తలుపు మీద ఉండేదే. డాక్టరమ్మ చదివి, నా వైపు తిరిగి, “మీరు చదువుకున్నవారిలా ఉన్నారు. దగ్గరుండి కూడా ఇది తప్పని చెప్పలేదా?” అంది. మమ్మల్ని చుట్టాలనుకుంది.

కోస నా మొహంలోకి చూశాడు. అతనికి తెలుసు. భీమే చెప్పకుండా ఉంటుందా? “పోనీ మేడమ్, మాదే గల్తీ” అన్నాడు డాక్టరమ్మతో. 

ఆ మాట నేననాల్సింది.

ఆగస్టు 25

మా ఆయనకి అంతా చెప్పాను. తిడతారనుకున్నాను.  “మా ప్లాంటు గ్రూపులో అది నేనూ చూశాను. నాకెందుకులే అనుకున్నాను” అన్నారు.

ఆదివారం సంతలో సోమమ్మ పెద్దమ్మ చింతపండు కుప్ప పోసుకుని కూర్చుంది. పక్కన కూర్చున్నాను.

“పెద్దమ్మా, ఆ రోజు నువ్వొక్కదానివే అడిగావు. నీకెలా తోచింది?”

“తోచుడేంది బిడ్డా? రోజు అడిగేదే. సేటు వచ్చి, జగదల్‌పూర్ల ధర పడ్డది అంటడు. ఎవరు జెప్పిన్రు, ఎప్పుడు జెప్పిన్రు, అది నేను నమ్మితే నీకేమొస్తది అని అడుగుత. ఇంకొకలు అటునుంచి వస్తే ఆళ్ళను గూడ అడుగుత. నాకు సదువు రాదాయె. అడగకపోతే ఎట్ల బతుకుడు?”

 ఆవిడ ఒక చింతపండు ముద్ద విడదీసి గింజ ఉందేమో చూసి మళ్ళీ కుప్ప మీద పెట్టింది.

“నీకు సదువొచ్చె. గందుకే నువ్వు అడగలే” అంది. కోపంగా కాదు.

ఆగస్టు 26

బుధ్రాం సార్‌కి ఫోన్ చేసి, వీడియో తీసేయమన్నాను. అందులో ఉన్న వాక్యం అబద్ధమని చెప్పాను, భీమేకి ఏం జరిగిందో కూడా చెప్పాను. ఆయన మంచివాడే. చాలా బాధపడ్డారు. కానీ, “నేను గ్రూపుల్లోంచి తీసినా ఏం లాభం మేడమ్, అది ఎప్పుడో దాటిపోయింది” అన్నారు.

నిజమే. సాయంత్రం విశాఖపట్నం నుంచి మా చెల్లి ఒక వీడియో పంపింది. కింద రాసింది: “అక్కా, ఎవరో పంపారు, ఇది నువ్వే కదా! ఎంత గర్వంగా ఉందో!” తెరిస్తే బోర్డు, చీర కొంగు సర్దుకుంటున్న నేను, నిలబడి చదువుతున్న భీమే, చప్పట్లు. ఎవరు చూసినా నమ్ముతారు. ఆ మెసేజీకి అంతకు ముందు మొహం లేదు. నా మొహం ఇచ్చాను.

ఆగస్టు 29

ఇవాళ క్లాసు పెట్టాను. ఎనిమిది మంది వచ్చారు. సోమ్లీని కూడా రమ్మన్నాను. ఆ నాలుగు వాక్యాలనే మళ్ళీ బోర్డు మీద రాశాను.  చదవమన్నాను. ఎవరూ చదవలేదు.

“ఇది అబద్ధం. ఎవరు రాశారో నాకు తెలీదు. తెలుసుకోవాలని అనుకోలేదు. చదవడానికి సులువుగా ఉందని రాశాను. నేనూ సగం నమ్మాను. సోమ్లీ అడిగినప్పుడు కూడా దాచాను. భీమేకి ఇలా జరగడానికి కారణం నేను.”

సోమ్లీ కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది.  నాగేశ్వరమ్మ అడిగింది, మోచేతి దగ్గర సూది గుచ్చిన చోట ఇంకా కమిలే ఉంది.

“మరి ఇన్ని దినాలు నేర్పిందంత అబద్ధమేనా?”

“కాదు.”

“నీళ్ళు రావన్నది?”

“అది నిజమే కదా. నీళ్ళు రాలేదు.”

“రాకముందు ఎట్ల ఎరుక నీకు, అది నిజమని?”

 నాకు తెలీదు. ఆ రోజు కూడా అడక్కుండానే రాశాను. అది నిజం కావడం నా అదృష్టం. అలాగే చెప్పాను.

“పంపు కాడ ముత్తయ్య ఉంటడు గదా” అంది మూల నుంచి సోమమ్మ పెద్దమ్మ. “పోయి అడిగితే చెప్పడా?”

అప్పుడు మొదలైంది మాట. నీళ్ళ సంగతి ముత్తయ్యకు తెలుస్తుంది. రేషన్ సంగతి దుకాణంలో తెలుస్తుంది, కానీ దుకాణంవాడు అబద్ధమాడితే పంచాయతీలో అడగాలి. గోలీల సంగతి సోమ్లీకి తెలుస్తుంది. సోమ్లీకి తెలియకపోతే? “డాక్టరమ్మను అడుగుత” అంది సోమ్లీ. గనిలో ఉద్యోగాలున్నాయని మెసేజీ వస్తే?   ఎవరిని అడగాలో కనుక్కుంటానన్నాను. క్లాసు అయ్యేసరికి బోర్డు మీద చెరపకుండా వదిలేసినవి పేర్లే. ముత్తయ్య. సోమ్లీ. పంచాయతీ కార్యదర్శి.

ఇద్దరు మాత్రం మధ్యలోనే లేచి వెళ్ళిపోయారు. మళ్ళీ రారనుకుంటాను.

సెప్టెంబరు 2

సోమ్లీ, నేను కలిసి వీడియో తీశాం. నేను హిందీలో, తెలుగులో చెప్పాను. సోమ్లీ గోండీలో చెప్పింది. పాత వీడియోలో చెప్పింది తప్పు, తప్పు నాది, గోలీలు మందే, నల్లగా రావడం ఇనుము గుణం. బుధ్రాం సార్ అన్ని గ్రూపుల్లో పెట్టారు.

సెప్టెంబరు 6

కొత్తది ఎంత మంది చూశారని అడిగాను. తోంగ్‌పాల్ టీచరు చూసి తన క్లాసులో చూపించిందట. ఇంకెవరూ ఏమీ అనలేదు. పాతది ఇవాళ మళ్ళీ వచ్చింది, ఈసారి మా పక్క క్వార్టరావిడ దగ్గర్నుంచి. ఆవిడ తలుపు కొట్టి, నిలబడి చెప్పాను.

సెప్టెంబరు 8

జిల్లా సభలో రెండు నిమిషాలు మాట్లాడమన్నారు. జరిగింది చెప్పాను. చప్పట్లు లేవు. తర్వాత బయట ముగ్గురు టీచర్లు వచ్చి నా నంబరు రాసుకున్నారు. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, “నేనూ ఒకటి రాయించాను మేడమ్, పాము కాటుకి...” అని ఆగిపోయింది. ఆవిడ పక్కనే బస్సు వచ్చేదాకా కూర్చున్నాను.

సెప్టెంబరు 15

భీమే ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చింది. పిల్ల రెండు కిలోలు దాటింది. సోమ్లీతో కలిసి వెళ్ళాను. ఈసారి చాప మీద కూర్చోకముందే చెప్పాను.

“భీమే, అది నేను రాసిన అబద్ధం. ఆగస్టులో వచ్చినప్పుడే చెప్పాల్సింది. భయపడి చెప్పలేదు. నీకూ పిల్లకీ జరిగినదానికి కారణం నేనే.”

భీమే పిల్లని పొట్టకి అదుముకుంది.

“ఎరుకే. అది అబద్ధమని దవాఖానల కోస అన్నడు” అంది. “నాకు సావు దాపుకొచ్చింది టీచరమ్మా. నీ మీద శాన కోపమొచ్చింది.”

“రావాలి.”

సోమ్లీ గోలీల అట్ట ఇవ్వబోయింది. రక్తం ఇంకా తక్కువే ఉంది, ఆరు నెలలు మింగాలన్నారు డాక్టరమ్మ. భీమే చెయ్యి చాపలేదు.

“అప్పుడొక తీరు చెప్పినవ్. ఇప్పుడొక తీరు చెప్తున్నవ్. నేనేది నమ్మాలె?”

“నన్ను నమ్మకు. సోమ్లీని అడుగు, డాక్టరమ్మని అడుగు.”

“అందరు చెప్పేటోళ్ళే. మింగేది నేను. ముందు నువ్వు మింగు” అంది.

సోమ్లీని చూశాను. నీకూ రక్తం తక్కువే ఉంటది, మింగు, ఏం గాదు అంది. మింగాను. భీమే నా గొంతు వైపే చూస్తూ కూర్చుంది. అయ్యాక, “రేపు గూడ రా” అంది.

సెప్టెంబరు 16

వెళ్ళాను. మింగాను. భీమే మింగలేదు.

సెప్టెంబరు 17

వెళ్ళాను. కడుపులో కొంచెం తిప్పుతోంది. సోమ్లీని అడిగితే అన్నం తిన్నాక మింగమంది. అదే భీమేకి చెప్పాను.

సెప్టెంబరు 18

మధ్యాహ్నం వెళ్ళేసరికి భీమే పిల్లకి పాలిస్తోంది. కోస వాకిట్లో కట్టెలు చీలుస్తున్నాడు. గోలీ తీసి మింగాను. భీమే కోస వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

“నల్లగ అయిందా?”

“ఏంటి?”

“అదే, టీచరమ్మా.”

నాకు మొహం వేడెక్కింది. నలభై ఆరేళ్ళ దాన్ని, పదిహేనేళ్ళుగా పాఠాలు చెప్తున్నదాన్ని. నిజం చెప్పాలి.

“అయింది. ఇవాళ పొద్దున. బొగ్గులా.”

“కడుపుల నొప్పి?”

“లేదు. నిన్న తిప్పింది, ఇవాళ లేదు.”

“కండ్లు తిరుగుతున్నయా?”

“లేదు.”

ఇంకా ఏవేవో అడిగింది. నిద్ర పట్టిందా, ఆకలి ఉందా, నాలుక మీద ఎట్లా ఉంది. ఒక్కొక్కదానికీ చెప్పాను. అన్నీ విన్నాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. “బొగ్గు లెక్క!” అని మళ్ళీ నవ్వింది. నాకూ నవ్వాగలేదు. వాకిట్లో గొడ్డలి ఆగింది. ఏందే నవ్వుడు అని కోస కేకేశాడు.

భీమే పిల్లని నా ఒళ్ళో పెట్టింది. అట్ట తీసుకుని, దాని వెనక అచ్చేసిన మాటలు వేలుతో తడుముతూ చదివింది. ఒత్తుల దగ్గర ఆగింది. నేను అందించబోతే వద్దని చెయ్యెత్తి, మళ్ళీ మొదటి నుంచి చదువుకుని దాటింది. తారీఖు చూసింది. అప్పుడు ఒక గోలీ నొక్కి అరచేతిలోకి తీసుకుని, నోట్లో వేసుకుంది.

కుండలోంచి నీళ్ళు నేనే ముంచి ఇచ్చాను.